తాత్కాలికం అన్న మాటకు గడువెంత?

(ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకు అప్పగించిన అంశం విదేశీయుల నిర్బంధ కేంద్రాలకు ప్రభుత్వం చేసే వ్యయం. చట్టం సంగతులు న్యాయవాదులు చెప్పవలసినవి. మేము న్యాయవాదులం కాము. దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు రాసి, బిల్లులు పంపి, పద్దులు సరిచూసి విశ్రాంతి తీసుకున్నవాళ్ళం. ఇప్పుడు కొందరు ఉద్యోగ మిత్రులతో కలిసి, చదువురాని కుటుంబాల కాగితాలు సరిచేసిపెట్టే పని చేస్తున్నాము. అందుచేత ఈ విషయాన్ని డబ్బు వైపు నుంచి, కాగితం వైపు నుంచి చూసి చెప్పగలిగినంత చెబుతాము.

మొదట ఒక మాటను గురించి. ప్రభుత్వ భాషలో ‘తాత్కాలికం’ అనే మాట ఉంది. మనం ఇళ్ళలో వాడే అర్థం వేరు. పెళ్ళికి వేసిన పందిరి తాత్కాలికం. మూడో రోజున వెదుళ్ళు ఊడదీస్తారు. కార్యాలయంలో తాత్కాలిక ఉద్యోగం అంటే, ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొనసాగింపు ఉత్తర్వు తెచ్చుకుంటూ ఇరవై ఏళ్ళయినా నడిచే ఉద్యోగం. తాత్కాలిక షెడ్డు అంటే, కురుస్తున్న రేకుల కింద రెండు తరాల గుమాస్తాలు పనిచేసే షెడ్డు. ఒకసారి పద్దు సంఖ్య పడిందా, ఒక ఏడాది కేటాయింపు ఖర్చయిందా, మరుసటి ఏడాది అంచనా ఆ అంకె మీదనే మొదలవుతుంది. దానిని రద్దు చేయమని ఫైలు నడిపే ఓపిక ఎవరికీ ఉండదు. ఇది ఎవరి దురుద్దేశమూ కానక్కరలేదు. కార్యాలయ స్వభావమే అంత. నిర్బంధ కేంద్రాల కథ కూడా ఈ మాటతోనే మొదలయింది కనుక ఇంత చెప్పవలసివచ్చింది.

అస్సాంలో 2009లో విదేశీయులని ప్రకటితులైన వారిని ఉంచేందుకు జిల్లా జైళ్ళలోనే కొంత భాగాన్ని నిర్బంధ కేంద్రంగా చూపించారు. వేరే భవనం సిద్ధమయ్యేవరకు ఇది తాత్కాలిక ఏర్పాటు అన్నారు. మొదట గోల్‌పారా, కోక్రాఝార్, సిల్చార్. ఆ పిమ్మట తేజ్‌పూర్, జోర్హాట్, డిబ్రూగఢ్ చేరి ఆరయ్యాయి. నేరం చేసి శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి పెరోల్ ఉంటుంది, పని ఉంటుంది, కూలీ ఉంటుంది, విడుదల తేదీ ఉంటుంది. ఏ నేరానికీ శిక్షపడని ఈ మనుషులకు అవేవీ లేవు. భర్త ఒక జైలులో, భార్య వందల మైళ్ళ దూరాన మరొక జైలులో, పాలు మరువని బిడ్డ తల్లి దగ్గర, కాస్త ఎదిగిన బిడ్డ ఊళ్ళో బంధువుల దగ్గర. 2018 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ప్రత్యేక పర్యవేక్షకునిగా హర్ష్ మందర్ గోల్‌పారా, కోక్రాఝార్ కేంద్రాలను చూసి నివేదిక ఇచ్చారు. ఆ నివేదికపై కమిషన్ చలించకపోవడంతో కొద్ది నెలలకే ఆ బాధ్యత నుంచి తప్పుకుని, సర్వోన్నత న్యాయస్థానం తలుపు తట్టారు.

2020 అక్టోబరులో గౌహతి హైకోర్టు ఈ వ్యవహారాన్ని పరిశీలించి, జైలు ఆవరణలో భాగాన్నే నిర్బంధ కేంద్రమంటూ పదేళ్ళకు పైగా గడిచిపోవడాన్ని ఎత్తి చూపింది. నిర్బంధ కేంద్రాలు జైలు వెలుపలే ఉండాలని చెప్పింది. అంటే ‘తాత్కాలికం’ అన్న మాటకు గడువు దాటిపోయిందని న్యాయస్థానం గుర్తు చేసేసరికి, ఆ ఏర్పాటుకు పదేళ్ళు నిండాయి. ఆ పదేళ్ళు ఎవరి ఆయుర్దాయంలోనివో ఆలోచించండి. 2016 నుంచి 2019 అక్టోబరు దాకా ఆ కేంద్రాలకు సంబంధించి 28 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వమే రాజ్యసభలో తెలిపింది. అప్పటికి ఆ ఆరింటిలో ఉన్నవారు 988 మంది.

మరణించిన వారిలో ముస్లింలే కాదు, బెంగాలీ హిందువులూ ఉన్నారు. 2019 అక్టోబరులో అటువంటి ఒక వృద్ధుడు ఆసుపత్రిలో మరణించగా, ఆయన కుటుంబం శవాన్ని తీసుకోవడానికి రోజుల తరబడి నిరాకరించింది. ‘విదేశీయుడన్నారు కదా, అయితే ఆయన దేశానికే పంపండి, కాదంటే భారతీయుడని రాసి ఇవ్వండి’ అని ఆ కొడుకులు అడిగినదాని సారం. ఇది మన సమాజం ఒక్కదాని గొడవ అనుకునే వారికి ఈ సంగతి చెప్పండి.

ఇక కొత్త భవనం. గోల్‌పారా జిల్లా మటియాలో మూడు వేల మందికి సరిపడే కేంద్రానికి కేంద్ర ప్రభుత్వం సుమారు 46 కోట్ల 50 లక్షల రూపాయలు మంజూరు చేసింది. పదిహేను నాలుగంతస్తుల భవనాలు, చుట్టూ ఎత్తయిన ప్రహరీ, కావలి బురుజులు. 2018 డిసెంబరులో పని మొదలయింది, ఏడాదిలో ముగియవలసి ఉంది. మొదటి విడతగా 68 మందిని అందులోకి తరలించినది 2023 జనవరిలో. ఈ మధ్యలో, 2021లో, నిర్బంధ కేంద్రం అన్న పేరు మార్చి ‘ట్రాన్సిట్ క్యాంపు’ అన్నారు. ట్రాన్సిట్ అంటే ఒక చోటి నుంచి మరొక చోటికి పోయే దారిలోని మజిలీ. మజిలీ సరే, పోయే చోటు ఎక్కడ అన్నది ఇప్పటికీ తేలలేదు. 2025 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానం అడిగినది అదే. విదేశీయులని తేల్చిన 63 మందిని పంపకుండా ఎందుకు ఉంచారని అడిగితే, వారి విదేశీ చిరునామాలు తెలియవని రాష్ట్రం బదులు చెప్పింది. ముహూర్తం కోసం చూస్తున్నారా అని న్యాయమూర్తి ఎత్తిపొడిచారు. మాకు మాత్రం ఆ బదులు చదివినప్పుడు వేరొక ప్రశ్న తోచింది. ఆ దేశంలో వీరికి చిరునామాయే లేనప్పుడు, వీరు ఆ దేశస్థులని ఎలా తేల్చారు?

గుమాస్తా లెక్క ఒకటి వేసి చూద్దాం. 46 కోట్ల 50 లక్షలను మూడు వేలతో భాగిస్తే ఒక్కొక్కరి చోటుకు లక్షా యాభై అయిదు వేలు. ఇది గోడల ఖర్చు మాత్రమే. కాపలా, తిండి, కరెంటు, మందులు వేరు; అవి ఏటేటా వచ్చేవి. అంత పెట్టి కట్టిన చోట, 2025 ఆరంభంలో ఉన్నవారు 270 మంది. అయినా నీళ్ళు, మరుగుదొడ్లు సరిగా లేవని రాష్ట్ర న్యాయ సేవల సంస్థ ఇచ్చిన నివేదికను చూసి 2024 జులైలో సర్వోన్నత న్యాయస్థానం అసంతృప్తి చెప్పింది. ఇందులో మమ్మల్ని కలవరపెట్టేది వృథా ఒక్కటే కాదు. ఖాళీగా పడివున్న భవనం మీద ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ‘మంజూరైన సామర్థ్యాన్ని ఎందుకు వినియోగించలేదు’ అని అడుగుతారు. ఆసుపత్రి విషయంలోనో, వసతి గృహం విషయంలోనో అది మంచి ప్రశ్న. మనుషులను బంధించే భవనం విషయంలో ఆ ప్రశ్నకు ఏ అధికారి ఏ విధంగా సమాధానం చూపుతాడో అన్నదే మా భయం.

జాబితాల పని కూడా ఇదే దారిన నడిచింది. అస్సాం జాతీయ పౌర పట్టికకు మొదట వేసిన అంచనా 288 కోట్లు. 2022 మార్చి నాటికి అది 1,602 కోట్లు దాటిందని కాగ్ తన నివేదికలో చూపింది. 2019 ఆగస్టు 31న ప్రకటించిన తుది జాబితాలో 19 లక్షల 6 వేల మందికి పైగా చోటు దక్కలేదు. అదే ఏడాది మే నెలలో, ముప్పై ఏళ్ళు సైన్యంలో పనిచేసి విరమించిన ఒక అధికారిని విదేశీయుడని ట్రిబ్యునల్ తేల్చగా గోల్‌పారా కేంద్రానికి పంపారు. హైకోర్టు బెయిలు ఇచ్చేవరకు ఆయన అక్కడే ఉన్నాడు. సైనికుని సర్వీసు పుస్తకం కంటే గట్టి ప్రభుత్వ కాగితం ఏముంటుందో, సర్వీసు పుస్తకాలు రాసిన మాకైతే తెలియదు.

అస్సాం దూరం కదా, మనకేమిటి అని మీలో కొందరి మనసుల్లో ఉండవచ్చు. ఆ దూరం 2025లో తగ్గింది. ఆ ఏడాది మే నెలలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు సూచనలు పంపింది. అనుమానితుల వివరాలను ముప్పై రోజుల్లో వారి సొంత రాష్ట్రం నుంచి సరిచూసుకోవాలి. జిల్లా స్థాయిలో తగినన్ని హోల్డింగ్ కేంద్రాలు ఏర్పరచాలి అన్నది సారాంశం. సెప్టెంబరు 1 నుంచి 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో కొత్త వలస, విదేశీయుల చట్టం అమలులోకి వచ్చింది. తాను విదేశీయుడను కానని రుజువు చేసుకునే భారం ఆ మనిషి మీదనే ఉండడం పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. నవంబరులో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రతి జిల్లాలోనూ తాత్కాలిక నిర్బంధ కేంద్రం ఏర్పాటు చేయమని జిల్లా మేజిస్ట్రేట్లను ఆదేశించారు. మళ్ళీ అదే మాట, తాత్కాలికం.

జిల్లాలో రాత్రికి రాత్రి భవనం ఎక్కడి నుంచి వస్తుంది? గురుగ్రాంలో ఏం జరిగిందో చూడండి. 2025 జులైలో అక్కడి సామాజిక భవనాలనే, అంటే పేదవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకునే కమ్యూనిటీ హాళ్ళనే, హోల్డింగ్ కేంద్రాలుగా మార్చారు. చెత్త ఏరేవారు, ఇళ్ళలో పనిచేసేవారు, అస్సాం, బెంగాల్ నుంచి బతుకుదెరువుకు వచ్చిన బెంగాలీ భాషీయులు అందులో చేరారు. పోలీసులు చెప్పిన లెక్క ప్రకారమే పట్టుకున్న సుమారు 250 మందిలో బంగ్లాదేశీయులని తేలినవారు పదిమంది. మిగిలినవారిని విడిచిపెట్టారు. విడిచిపెట్టారు కనుక నష్టం లేదనుకోకండి. ఆ వారం కూలీ పోయింది, ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు, వందలాది కుటుంబాలు సామాను కట్టుకుని సొంత రాష్ట్రానికి బస్సెక్కాయి. ఈ నష్టం ఏ పద్దులోనూ కనబడదు.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ బెంగళూరు పక్కన ఉంది. నెలమంగల సమీపాన సొండెకొప్పలో కర్ణాటక ప్రభుత్వం సిద్ధపరచిన నిర్బంధ కేంద్రం అంతకుముందు సాంఘిక సంక్షేమ శాఖవారి విద్యార్థి వసతి గృహం. దళిత బిడ్డల చదువు కోసం కట్టిన ఇల్లు. పిల్లలు లేక మూతపడితే కిటికీలకు కట్టుదిట్టం చేసి, ప్రహరీకి ముళ్ళతీగ చుట్టి, వేరొక పనికి తెచ్చారు. బడ్జెట్ పుస్తకాలు తిరగేసే అలవాటున్న వారికి తెలుస్తుంది: దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల, మైనారిటీల సంక్షేమానికి పద్దు సంఖ్య 2225, పోలీసుకు 2055, జైళ్ళకు 2056. ఒక పద్దులో పుట్టిన భవనం మరొక పద్దు కిందికి జారిపోవడానికి ఒక బదలాయింపు ఉత్తర్వు చాలు. శాసనసభలో దాని మీద చర్చ కూడా జరగనక్కరలేదు. మన మండలాల్లో మూతపడిన వసతి గృహాలు, పాత తాలూకా కచేరీలు, షాదీఖానాలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. వాటిని మళ్ళీ తెరిపించమని అడగడం కూడా ఈ పోరాటంలో భాగమేనని మా అభిప్రాయం. కాస్త వింతగా తోచవచ్చు, కానీ వినియోగంలో ఉన్న భవనాన్ని ఎవరూ తేలికగా పట్టుకుపోలేరు.

ఇక్కడ రాష్ట్రాల బాధ్యతను గురించి చెప్పాలి. పౌరసత్వం, విదేశీయుల వ్యవహారం రాజ్యాంగం ప్రకారం కేంద్ర జాబితాలోనివి. అయితే నిర్బంధ కేంద్రాలు నెలకొల్పేది రాష్ట్ర ప్రభుత్వాలేనని కేంద్రం పార్లమెంటులో చెబుతూ వచ్చింది. మటియాకు కేంద్రం డబ్బిచ్చింది. అన్ని జిల్లాలకూ ఇస్తుందని ఎక్కడా లేదు. అధికారం ఒకరిది, ఖర్చు మరొకరిది అయినచోట జవాబు చెప్పేవాడు దొరకడు. 2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ పౌరసత్వ సవరణ చట్టం, జాతీయ జనాభా పట్టిక, జాతీయ పౌర పట్టికలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని మనం స్వాగతించాము. కానీ తీర్మానం వేరు, పద్దు వేరు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, కేంద్రం సూచనలు వచ్చాయి. హైదరాబాదులో బాలాపూర్ వంటి చోట్ల తలదాచుకున్న రొహింగ్యా కుటుంబాలు ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డులు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నాయి. ఈ సూచనల మీద మన రెండు రాష్ట్రాలు ఏ ఉత్తర్వు ఇచ్చాయి, ఏ పద్దు నుంచి ఎంత ఇవ్వదలచాయి అన్నది అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మన హక్కు.

దేశంలోకి అక్రమంగా వచ్చినవారిపై చర్య తీసుకోరాదని మేము చెప్పడం లేదు. ఏ ప్రభుత్వానికైనా ఆ అధికారం ఉంటుంది. మా వాదన చిన్నది. నిర్బంధానికి ముందు విచారణ ఉండాలి, నిర్బంధానికి చివరి తేదీ ఉండాలి, నిర్బంధానికయ్యే ఖర్చు ప్రజల కళ్ళ ముందు ఉండాలి. రాజ్యాంగం 21వ అధికరణం ‘పౌరుడు’ అనలేదు, ‘వ్యక్తి’ అన్నది. మూడేళ్ళు దాటిన వారిని లక్ష రూపాయల బాండు, ఇద్దరు భారతీయుల జామీనుతో విడిచిపెట్టవచ్చని 2019లో సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. రెక్కాడితే గాని డొక్కాడని వాడు లక్ష ఎక్కడి నుంచి తెస్తాడు? కరోనా వచ్చిన తర్వాత, 2020 ఏప్రిల్‌లో, ఆ కాలాన్ని రెండేళ్ళకు, బాండును అయిదు వేలకు తగ్గించారు. అప్పుడు గాని ఎందరికో తలుపు తెరుచుకోలేదు. అదే మనుషులు, అదే అభియోగం. మారినవి గడువు, రొక్కం మాత్రమే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మాకు రోజూ ఎదురయ్యేది పేరు చిక్కు. బడి రికార్డులో ‘షేక్ మస్తాన్’, ఆధార్‌లో ‘మస్తాన్ వలీ షేక్’, రేషన్ కార్డులో ‘ఎస్.కె. మస్తాన్’, ఓటరు జాబితాలో ‘మస్తానయ్య’. నలుగురూ ఒకే మనిషి. ఆడవాళ్ళది ఇంకా కష్టం. పుట్టింట ‘బీ’, మెట్టినింట ‘బేగం’, వితంతు పింఛను కాగితంలో ‘ఉన్నీసా’. తండ్రి పేరున్న కాగితం ఒక్కటీ ఉండదు. అస్సాంలో పెళ్ళయిన స్త్రీలను తండ్రితో కలిపే ఆధారం గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువపత్రమే. హైకోర్టు 2017 ఫిబ్రవరిలో అది చెల్లదన్నది. ఆ ఏడాది డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానం, సరిచూసుకున్న మీదట దానిని లెక్కలోకి తీసుకోవచ్చన్నది. ఆ పది నెలలు లక్షలాది ఆడవారు ఎలా గడిపి ఉంటారో మన ఇళ్ళలోని ఆడవారిని తలచుకుంటే అర్థమవుతుంది. పేరులో, తేదీలో చిన్న తేడాలను పట్టుకుని మనిషిని విదేశీయుడనరాదని, అనుమానానికి ఆధారం ముందు అధికారులే చూపాలని 2024 జులైలో ఒక తీర్పు వచ్చింది. మంచి తీర్పు. అయితే ఆ నల్బరీ జిల్లా మనిషిని విదేశీయుడని తేల్చాక, ఆ తీర్పు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

కనుక భయపడి పరుగెత్తవద్దు, బద్ధకించనూ వద్దు. దళారులకు వేలు పోసి ‘పౌరసత్వ పత్రం’ కొనుక్కుంటున్న వారున్నారని వింటున్నాము. అటువంటి పత్రాన్ని బయట అమ్మే అధికారం ఎవరికీ లేదు, దొంగ కాగితం ఉన్న కేసును కూడా పాడుచేస్తుంది. పాత బడి నుంచి చదువు ధ్రువపత్రం, తాతల నాటి పట్టా లేదా అడంగల్ నకలు, పాత ఓటరు జాబితా నకలు తెచ్చుకోండి. పుట్టుక నమోదు కానివారు ఆలస్య నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఆడపిల్లకు పెళ్ళి చేసే ముందు తండ్రి పేరున్న కాగితాలన్నీ ఒక సంచీలో పెట్టి ఆమె చేతికే ఇవ్వండి. నగల పెట్టె మరిచినా ఈ సంచీ మరవకండి.

ఎవరినైనా పట్టుకుపోతే మొదటి గంటలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం నిర్బంధంలో ఉన్న ఏ వ్యక్తికైనా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయ పరిమితి దానికి అడ్డు కాదు. మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం 7వ సెక్షను కింద దరఖాస్తు ఇవ్వండి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని అందులో ఉంది. దరఖాస్తు మొదటి వాక్యంలోనే ‘ఇది వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించినది’ అని రాయండి. రాయకపోతే గుమాస్తా దానిని ముప్పై రోజుల కట్టలో వేస్తాడు. మేమూ గుమాస్తాలమే కనుక చెబుతున్నాము.

మామూలు రోజుల్లో అడగవలసిన దరఖాస్తు వేరు. మీ జిల్లా కలెక్టరు కార్యాలయంలోని, పోలీసు సూపరింటెండెంటు లేదా కమిషనరు కార్యాలయంలోని సమాచార అధికారులకు చెరొక దరఖాస్తు పంపాలి. జిల్లాలో హోల్డింగ్ లేదా నిర్బంధ కేంద్రంగా ఏ భవనాన్నయినా గుర్తించారా, ఏ ఉత్తర్వు సంఖ్యతో, ఏ తేదీన? ఆ ఉత్తర్వులో ‘తాత్కాలికం’ అని ఉంటే ముగింపు తేదీ ఏది? ఆ భవనం అంతకుముందు ఏ శాఖది? ఖర్చు ఏ పద్దు నుంచి, ఈ ఆర్థిక సంవత్సరంలో మంజూరు ఎంత, వినియోగం ఎంత? 2019 జనవరిలో కేంద్రం పంపిన నమూనా నిర్బంధ కేంద్ర నియమావళిని రాష్ట్రం అమలుపరచిందా, తనిఖీ ఎవరు చేస్తున్నారు? అభిప్రాయాలు అడగకండి, ‘ఎందుకు’ అని అడగకండి. ఉత్తర్వుల నకళ్ళు అడగండి. ఎందుకు అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు.

తెలుగులోనే రాయవచ్చు. స్పీడ్ పోస్టులో పంపి రసీదును నకలుకు గుచ్చి దాచండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, ఆ తర్వాతి ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. చాలామంది జవాబు రాలేదని అలిగి అక్కడే ఆపుతారు, గడువు దాటిపోతుంది. ఒకే ఊరి నుంచి పదిమంది ఒకే దరఖాస్తు పంపనక్కరలేదు; జిల్లాకు ఒకరు బాధ్యత తీసుకుంటే సరిపోతుంది. పేర్లు ఇచ్చేవారు సభ ముగిశాక వేదిక ఎడమ వైపు బల్ల దగ్గర మా మిత్రులను కలవండి. నమూనా దరఖాస్తు తెలుగులో, ఉర్దూలో అక్కడ ఉంది.